అడిగితేనే ఇయ్యి

ఇంతేనా, అనుకుంది వేదవల్లి. ఇనపతాడు కట్టి కొండ మీదికి లాగే ఆ పెట్టెబండి కిటికీలోంచి బెర్గమో పాతవూరు మొత్తం ఒక్క చూపులో అయిపోయింది. నాలుగు బురుజులు, ఒక గుమ్మటం, ఎర్ర పెంకుల ఇళ్లు, చుట్టూ నాచు పట్టిన రాతిగోడ. దీనికా ఇటలీ, ఇటలీ అని మొగుడు రత్నసభాపతి కోయంబత్తూరు క్లబ్బులో అంత ఊదరగొట్టింది? పళనికొండకు ఈమధ్య వేసిన వించిబండి ఇంతకంటే నిటారుగా ఎక్కుతుంది, ఎక్కినందుకు పైన మురుగన్ అయినా ఉంటాడు. ఇక్కడ పైన ఏముందే అని ఎదురుబల్ల మీద కూర్చున్న సౌందరాన్ని అడిగితే, "మేలే, పైకి పోయి చూస్తువు గానీ, సుమ్మా ఉండు అమ్మిణీ" అంది, చంటిపిల్లను సముదాయించినట్టు. అమ్మిణీ అట. మదురై హాస్టల్లో తన కోయంబత్తూరు యాసను వెక్కిరించడానికి మొదలుపెట్టిన పిలుపు. ఇన్నేళ్లూ ఎక్కడ దాచిందో, కాస్త కూడా తుప్పు పట్టకుండా బయటికి తీసి వాడుతోంది. పిలుపును దాచుకుంది, కన్నతల్లిని మాత్రం పారేసుకుంది. వేదవల్లి ఒళ్లోని తోలుసంచిని దగ్గరికి లాక్కుంది. లోపలి పొట్లం బరువుగా తొడకు తగిలింది. పైన ఎక్కడో గంట మూడు కొట్టింది. నాలుగింటికి కింది ఊళ్లో, ఈ బండి బయల్దేరిన చోటికే కారు వస్తుంది. అక్కణ్నుంచి మిలాన్, రేపు విమానం. ఇంకొక్క గంట. ఈ గంట కూడా ఇది నోరు తెరవకపోతే పొట్లం ఏట్లోకే.

పొట్లంలో ఉన్నవి పొరివిళంగా ఉండలు. వేయించిన బియ్యమూ పెసలూ విసిరిన పిండిలో శొంటి కలిపి, ముదురు బెల్లప్పాకం పోసి, చెయ్యి కాలుతుండగానే చుట్టే ఉండలు. చల్లారితే రాళ్లే. నెలలు దాటినా, సముద్రం దాటినా చెడవు. చుట్టింది సౌందరం తల్లి రుక్మణి. అవినాశి గుడికని ఇంట్లో చెప్పి తిరుమంగళంలో బస్సెక్కి, మదురైలో మారి, కోయంబత్తూరులో దిగి, మిల్లు వెనకాల ఉన్న వేదవల్లి బంగళా గేటు దగ్గర కూలిమనిషిలా నిలబడింది ఆవిడ. తిరుమంగళం మిల్లు ఓనరు పెరుమాళ్‌సామి నాయుడి భార్య! కాశికి వాసి అవినాశి అంటారు, కాశి పుణ్యంలో సగమని. ఆ వాసిలో కాస్త తన గేటుకూ దక్కిందన్నమాట. కాఫీ ఇస్తే పుచ్చుకోలేదు. అరటినారతో కట్టిన పొట్లాన్ని చీర కొంగులోంచి తీసింది. "అది నన్ను గురించి ఒక్క మాట అడిగితేనే ఇయ్యి కన్నా. అడగకుంటే ఆడనే యాదన్నా ఏట్లో పారేయి. తిరిగి తెచ్చి నా కంటికి చూపించొద్దు." ఎందుకు పెద్దమ్మా అంత పంతం అంటే, "పంతం లేదు గింతం లేదు. నన్ను మరిసినదో లేదో తెలియాల. తెలిస్తే పడి నిద్రపోతాను" అంది. వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో చాలాసేపు తడుముకుంది. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి. ముసలితనం, అనుకుని తను పక్కకు చూసింది.

పొద్దుట్నుంచీ కాచుకుని ఉంది వేదవల్లి. తుపాకి గురిపెట్టినవాడు పిట్ట కదలిక కోసం కాచుకున్నట్టు. ఇది అడక్కపోదు, ఏడవకపోదు అనుకుంది. అసలు తను వచ్చిందే ఆ ఏడుపు చూడ్డానికి. ఆ మాట మొగుడితో అనలేదు, అంటే ఆయనకు అర్థం కాదు, ఆయనకు నూలు వడికే రింగ్ ఫ్రేములు తప్ప ఏదీ అర్థం కాదు. సైకిళ్ల షాపు మీద సౌందరం రెండు గదుల ఇల్లు చూసినప్పుడు కడుపు చల్లబడింది. తిరుమంగళంలో వీళ్ల పశువుల కొట్టం దీనికంటే పెద్దది. గుమ్మంలోనే, ఆడవాళ్లు కలుసుకుంటే పెట్టుకునేది గదా అని, సంచిలోంచి కుంకుమభరిణ తీసి చాపితే సౌందరం చటుక్కున ఒక అడుగు వెనక్కి వేసి చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దు అమ్మిణీ. అదంతా ఇప్పుడు లేదు నాకు." చూశావా టెక్కు! ఫిట్టరు పెళ్లాం కాగానే కుంకుమ కూడా కరుస్తుంది కాబోలు. మధ్యాహ్నం తిండికి పసుపుపచ్చ మొక్కజొన్న సంగటి కలిపి బల్లచెక్క మీద కుమ్మరించి, దారంతో కోసి పెట్టింది. సంగటి! తమ మిల్లులో కూలీలు టిఫిన్ క్యారియర్లో తెచ్చుకునే కళి. దాన్ని తినడానికి విమానమెక్కి రావాలా? పోనీ తను కూడా ఎదురుగా కూర్చుని తిందా అంటే అదీ లేదు. అతిథి తిన్నాక వంటింట్లో ఒక్కతే నిలబడి తిన్నది, గోడ వైపు తిరిగి. సంస్కారం పోతే ఒక్కసారిగా పోదు, ఇట్లా మెతుకు మెతుకుగా పోతుంది.

బండి ఆగింది. సౌందరం ముందు నడిచింది, అదే నడక, కొంగు లేకపోయినా కొంగు దోపుకున్నట్టు వేగంగా, రెండు అడుగులకోసారి వెనక్కి తిరిగి వేలెత్తి చూపిస్తూ. గౌను, బూడిదరంగు కోటు, మెడ బోసి, చెవులు బోసి. ఇరుకు సందు, పైన ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి కట్టిన తాడు మీద ఎవరివో లంగోటీలు ఆరుతున్నాయి. చరిత్ర గల ఊరట. లంగోటీలకు చరిత్ర లేదా ఏం. "ఆడ చూడు, ఆ రొట్టెలంగడి మూడు తరాలది" అంటోంది. "ఈ రాళ్లు తేమకు జారుతాయి, చూసి నడువు. మదురైలో వాన పడినాదా? వైగైలో నీళ్లు ఉండాయా? హాస్టల్ వార్డెనమ్మ కుక్క ఉండాదా, పోయినాదా?" అదీ వరస. పొద్దుట్నుంచీ అడిగినవన్నీ ఇవే. వైగై అడిగింది, కుక్కను అడిగింది, తూర్పు గోపురం దగ్గర గాజులమ్మే గుడ్డి మాణిక్యాన్ని అడిగింది. తిరుమంగళం మిల్లులో తెల్లవారుజామున సంగు ఇంకా ఊదుతున్నారా అని అడిగింది. కూలీలను లేపే మిల్లుకూత అది. కూత గుర్తుంది, ఆ మిల్లు కట్టిన తండ్రి గుర్తు లేడు. కుక్క గుర్తుంది, తల్లి గుర్తు లేదు. వేదవల్లి ప్రతి ప్రశ్నకూ ముక్తసరిగా జవాబు చెబుతూ లోపల్లోపల చప్పట్లు కొట్టుకుంది. కానీ. ఇంకా అడుగు. గాడిదలను అడుగు, గుర్రబ్బండ్లను అడుగు.

నడక అదే. అప్పుడు మదురైలో కూడా ఇట్లాగే తనను ఊరంతా ఈడ్చింది. కోయంబత్తూరు నుంచి కొత్తగా వచ్చిన పిల్లకు ఊరు చూపించాలని శనివారం హాస్టల్ గేటు దాటించి, ఎండలో, చెప్పులు తెగేలాగా. పైకి చూడవే, ఇంకా పైకి, ఆ గోపురం మీద బొమ్మలన్నీ చూస్తే నీ మెడ ఇంక నీది కాదు. నాయకర్ మహల్లో ఒక్క స్తంభాన్ని చుట్టూ చేతులు కలపాలని ఇద్దరూ చెరోవైపు నిలబడి చాచారు, వేళ్లు కూడా అందలేదు, స్తంభం అవతల నుంచి దాని నవ్వు మాత్రం వినిపించింది. "మనోళ్లు కట్టించినది, తెలుగు రాజులు. మనం అందుకోలేము అమ్మిణీ, తిని బలవాల." ఆ నవ్వు. చల్లటి సున్నపురాయి మీద చెంప ఆనించి తనూ నవ్వింది. ఆ రాయి చలవ ఇప్పటికీ చెంప మీద ఉంది, ఇక్కడి గాలి కంటే అదే చల్లగా. వేదవల్లి శాలువా సర్దుకుంది. ఛీ, ఎందుకు గుర్తొస్తాయి ఇవన్నీ. ఎదురుగా పెద్ద చౌకు వచ్చింది. మధ్యలో తెల్లరాతి ఊట, దాని చుట్టూ నోట గొలుసులు కరుచుకున్న సింహాలు. సింహాలా ఇవి? మిల్లు గేటు దగ్గర కట్టేసిన కుక్కలు ఇంతకంటే కోపంగా ఉంటాయి. మీనాక్షి గుడిలో స్తంభం మీది యాళిసింహం నోట్లో రాతిగుండు ఉంటుంది, వేలు పెట్టి దొర్లించొచ్చు, బయటికి తియ్యలేం. దాని ముందు వీళ్ల పని ఏపాటి? "బురుజు ఎక్కుతామా? పైనుంచి మొత్తం కనిపిస్తాది, ఫ్యాక్టరీలు, ఏరు, అన్నీ" అంది సౌందరం. ఏరు అనగానే వేదవల్లి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఏరు ఎంత దూరం? "కింద. కారులో పోయేటప్పుడు దాటుతారు." మంచిది. దారిలోనే ఉందన్నమాట. కారు అద్దం దించితే చాలు.

ఫ్యాక్టరీలు. ఈ గంటలో అక్కడ ఏం జరుగుతుంటుందో ఎక్కకుండానే కనిపిస్తోంది. రత్నసభాపతి కోటు గుండీలు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో స్పిండిల్ స్పీడు అడుగుతుంటాడు. మోకాళ్ల మీద కూర్చుని యంత్రం మూత తెరిచి చూపించేది ఎవరు? ఆ ఎత్తోరె. సౌందరం మొగుడు. తిరుమంగళం మిల్లులో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఫిట్టరు. ఊళ్లో ఇటలీ దొర, ఇటలీ దొర అని జనం వెంటపడ్డారు. దొరా లేదు గిరా లేదు, నూనెమరకల నిక్కరు. రంగు తెల్లగా ఉంటే చాలు మనవాళ్లకు, స్పానర్ పట్టుకున్నవాడు కూడా దొరే. వాడి ముందు ఇవాళ తన మొగుడు నిలబడి ఉన్నాడు, ఆర్డరు ఇచ్చేవాడిగా. న్యాయం అంటూ ఉంటే అది ఇదే. కానీ పొద్దున ఎత్తోరె కారు దాకా వచ్చి, అరవంలో, తిరుమంగళం అరవంలో, "వాంగ, సాప్టీంగళా?", రండి, తిన్నారా అన్నప్పుడు, ఏళ్ల తరబడి ఎరిగిన ఇంటి మనిషిని పలకరించినట్టు నవ్వినప్పుడు, రత్నసభాపతి జవాబు చెప్పకుండా డ్రైవరుతో సామాను సంగతి మాట్లాడాడు. తనకు ముచ్చటేసింది. ముచ్చటేనా? ఏదో ఒకటి. తన మొగుడు ఈ పన్నెండేళ్లలో తనను సాప్టాయా అని అడిగిన రోజు ఒక్కటి గుర్తు తెచ్చుకోబోయి, మానేసింది.

చౌకు వెనక వాళ్ల పెద్ద చర్చి గుడి, దాని పక్కన ఇంకో చిన్న గుడి, గోడలు గులాబీ తెలుపు రాళ్ల గళ్లు, మిల్లులో చవకరకం బెడ్‌షీట్ డిజైన్ లాగా. ఎవరో సేనాపతి సమాధి అట. దాని ఇనప గేటు మీద వాళ్ల వంశం గుర్తు. దాని దగ్గర జనం వరసలో నిలబడి ఆ గుర్తును చేత్తో రుద్దుతున్నారు, రుద్ది రుద్ది అది బంగారంలా మెరుస్తోంది. ఏమిటే అది అంటే సౌందరం మొహం ఏ భావమూ లేకుండా పెట్టి చెవిలో చెప్పింది. మగవాళ్లకు రెండే ఉంటాయి గదా, ఆ వంశంలో వాళ్లకు మూడు ఉండేవట. వాటినే గుర్తుగా పెట్టుకున్నారట. రుద్దితే అదృష్టం. "ఛీ!" అంది వేదవల్లి, అక్కడున్న అందరికీ వినబడేలాగా. "ఛీ అంటావేంటి, నీకూ కావాల్నా? చెయ్యి పెట్టు, ఎవరూ చూడరు." నల్లబట్టల ముసలమ్మ ఒకామె, చేతికి సంచి తగిలించుకుని, కూరలు బేరం చేసినంత మామూలుగా రుద్ది, సిలువ వేసుకుని వెళ్లిపోయింది. వీళ్లా మనకు యంత్రాలు అమ్మేది. వీళ్లా మన కోయంబత్తూరును మాంచెస్టర్ చేసేది. పక్కనుంచి గురక లాంటి శబ్దం వచ్చింది. సౌందరం అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వణుకుతోంది. అదే నవ్వు. మీనాక్షి గుడిలో కాళి మీదికి వెన్నముద్దలు విసురుతారు కోపం చల్లారాలని. తను విసిరిన ముద్ద గురితప్పి, కళ్లు మూసుకుని స్తోత్రం చదువుతున్న బట్టతల మీద తప్పున పడితే, స్తంభం వెనక ఇదే చెయ్యి ఇదే నోటికి అడ్డం పెట్టుకుంది. వేదవల్లి గొంతులోకి కూడా ఏదో ఎగదన్నింది. పళ్లు బిగించింది. నవ్వకు. నవ్వితే అయిపోయినట్టే. ఇది ఏం చేసిందో తలుచుకో.

తలుచుకుంది. ఒక సోమవారం పొద్దున పక్క మంచం ఖాళీగా ఉంది. మడత నలగని దుప్పటి. ప్రిన్సిపాల్ గదిలో నలుగురు పెద్దమనుషుల ముందు తనను నిలబెట్టారు. నీకు తెలియదా? ఒకే గదిలో ఉంటారు, ఒకే దువ్వెన వాడతారు, ఒకే పొరివిళంగా ఉండను తలుపు సందులో పెట్టి పగలగొట్టుకుని చెరిసగం తింటారు, నీకు తెలియదా? తెలియదు. ఏడుస్తూ చెప్పింది తెలియదని, ఎవరూ నమ్మలేదు. అదే నయం అనిపించింది అప్పుడు, నమ్మి ఉంటే ఇంకా సిగ్గు. స్నేహితురాలై ఉండి, పక్క మంచం మీద పడుకుని, దానికి తనెంతో తెలుసుకోలేకపోయిన మొద్దు. తన తండ్రి అయ్యప్పన్ నాయుడు మర్నాడే రైలెక్కి వచ్చి ట్రంకుపెట్టె మోయించుకుపోయాడు. దాని స్నేహం చేసింది గదా, ఇదెప్పుడు ఎవడితో పోతుందో! నెల తిరగకుండా పెళ్లి. బి.ఏ. చివరి ఏడాది పుస్తకాలు కట్టలు విప్పకుండానే మిల్లు క్వార్టర్లలో ఎవరి పిల్లకో ఇచ్చేశారు. సౌందరం తనకు కావలసినవాడితో ఓడెక్కింది. దాని తప్పుకు తాళి తన మెడలో పడింది. ఎందుకే నాకు చెప్పలేదు అని ఇప్పుడు అడగొచ్చు, ఈ సందులో, ఈ నిమిషంలో. అడగదు. అది తల్లిని అడగనప్పుడు తను దీన్ని ఎందుకు అడగాలి?

తిరుమంగళంలో ఏం జరిగిందో మిల్లు ఊళ్లన్నీ చెప్పుకున్నాయి. బతికున్న మనిషి పేర తలనీళ్లు పోసుకోవడం ఆ ఇళ్లలో కొత్త కాదు. కులం దాటి పోయిన బిడ్డను చచ్చినట్టే లెక్కగట్టి, ఇంటిల్లిపాదీ బావి దగ్గర నెత్తిన నీళ్లు గుమ్మరించుకుని, దీపం పెట్టి, ఇంక ఆ పేరు ఎత్తరు. పెరుమాళ్‌సామి నాయుడు మోటారు వేయించి, మిల్లు షెడ్డు వెనకాల గొట్టం కింద పోసుకున్నాడు, భార్య జుట్టు విప్పించి తన చేత్తోనే పోశాడు. కూతురి పటానికి దండ వేసి తాతల పటాల వరసలో తగిలించాడు. మర్నాడు కొత్త యంత్రాల ముందు నిలబడి ఫోటో దిగాడు, ఇటలీ వాడు బిగించి పోయిన యంత్రాలే, నిగనిగలాడుతూ. బిడ్డ చచ్చింది, యంత్రాలు బతికాయి. మిల్లు వాళ్లకు ఆ మాత్రం తెలివి ఉంటుంది. తన మొగుడైనా అంతే చేస్తాడు, సిగ్గుపడకుండా.

పెద్ద గుడిలోకి తీసుకెళ్లింది. చీకటి, మైనం వాసన, గోడలకు వేలాడే నేతబొమ్మలు. నేత పర్వాలేదు అని ఒప్పుకోవాల్సి వచ్చినందుకు వేదవల్లికి ఒళ్లు మండింది. ఒక మూల ఇనప పళ్లెంలో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. సౌందరం ఒకటి తీసి, పక్కదాని మంటకు అంటించి గుచ్చింది. చేతులు జోడించలేదు, సిలువ వేసుకోలేదు, అట్లా చూస్తూ నిలబడింది.

"కలిసిపోతివా దీంట్లో?" అంది వేదవల్లి. "మీనాక్షి చాలకపోయెనా?"

"కలిసేది ఏముండాది. దీపం యాడైనా దీపమే. ఈ పళ్లెం పోయినోళ్లకు. ఏడాదికొకతూరి వచ్చి పెడతాను, ఈ నెలలోనే. నువ్వు వస్తివి గదా అని ఈ పొద్దే పెడుతుండాను."

"ఎవరికి? మీ అత్తకా?"

"నాకే."

మొదట నవ్వొచ్చింది వేదవల్లికి. పిచ్చి బాగా ముదిరింది అనుకుంది. ఆ మాట బయటికి అనేలోగానే సౌందరం మెల్లగా, మడత పెట్టిన బట్ట విప్పినట్టు చెప్పుకుపోయింది.

"తలనీళ్లు పోసుకున్నారు గదా నాకు. పోసుకున్నాక ఏడాదికి ఒక ఆకన్నా వెయ్యాల. బతికే ఉండేదానికి వేస్తారా? వెయ్యరు. అట్ల అని చచ్చినదాన్ని ఆకలితో పెట్టకూడదు, ఇంటికి మంచిది కాదు. అందుకని నేనే ఒక దీపం." మంట దాని కళ్లల్లో ఊగుతోంది. "మా అవ్వ చెప్పేది అమ్మిణీ. పోయినోళ్లు ఇంటోళ్ల పేరెత్తి అడగకూడదంట. అడిగితే వాళ్లను పిలుస్తుండారని అర్థమంట. ఎవర్ని అడిగితే వాళ్ల ఆయుసుకు కీడు. ఎత్తోరె నవ్వుతాడు. నవ్వనీ. నాకు బయం."

గుడి లోపల ఎవరో బల్ల జరిపారు, ఆ చప్పుడు గుమ్మటం దాకా పోయి తిరిగి వచ్చింది. కుంకుమ. చచ్చినవాళ్లు సుమంగలి చేతి కుంకుమ పుచ్చుకోరు. తిండి. చచ్చినవాళ్లు బతికినవాళ్ల పంక్తిలో కూర్చోరు, వాళ్లు తిన్నాక, విడిగా, గోడ వైపు. వైగై, కుక్క, మిల్లుకూత. ఇంటి చుట్టూ తిరిగింది, పొద్దుట్నుంచీ ఇంటి చుట్టూనే తిరిగింది, గోడ బయటే నిలబడి ప్రతి కిటికీలోకీ తొంగి చూసింది, గడప మాత్రం తొక్కలేదు. గాజుల మాణిక్యాన్ని అడిగింది, తల్లి గాజులు వేయించుకునే మనిషిని. తెల్లవారుజాము కూతను అడిగింది, ఆ కూతకే గదా తల్లి లేచి పొయ్యి రాజేసేది. ఎంత వెర్రిముండ ఇది! తండ్రి మర్నాటికి ఫోటో దిగాడు, ఊరు పక్కనెలకు మరిచిపోయింది, తలనీళ్లు పోసుకున్న వాళ్లందరూ తుడుచుకుని ఆరిపోయారు. ఆ చావును ఈ పన్నెండేళ్లుగా నిష్ఠగా పాటిస్తున్నది చచ్చినదొక్కతే. అడిగితేనే ఇయ్యి అని ఆ మహాతల్లి. అడగకూడదని ఈ మహాతల్లి. ఎవరి మొండితనం ఎవరికి వచ్చిందో వేరే చెప్పాలా. మధ్యలో తను, తోలుసంచి ఒళ్లో పెట్టుకుని, ఇది అడగనందుకు చప్పట్లు కొట్టుకుంటూ, ఏరు ఎంత దూరమని అడుగుతూ. పొద్దుట్నుంచీ ఊరినీ సింహాలనూ సంగటినీ చూసిన చూపే ఇప్పుడు తన మీదికి తిరిగింది. ఆ చూపు ముందు నిలబడ్డం ఎంత కష్టమో మొదటిసారి తెలిసింది.

బయటికి వచ్చి కోటగోడ దాకా నడిచారు. గోడ అంటే రోడ్డంత వెడల్పు, మీద పెద్ద పెద్ద ఆకుల చెట్ల వరస. కింద మైదానం, పొగగొట్టాలు, మధ్యలో గీతలాగా ఏరు. గంట నాలుగు కొట్టింది. కారు వచ్చి ఉంటుంది. రత్నసభాపతి చేతిగడియారం చూసుకుంటూ, అందరికీ వినబడేలాగా నిట్టూరుస్తూ ఉంటాడు. వేదవల్లి సంచి తెరిచింది. పొట్లం బయటికి వచ్చిందో లేదో, అరటినార ముడి కనబడిందో లేదో, సౌందరం మొహంలో రక్తం దిగిపోయింది. ఆ ముడి ఎవరు వేస్తారో చెప్పక్కర్లేదు. చెయ్యి ముందుకు రాబోయి ఆగింది, రెండు చేతులూ వెనక్కి పోయాయి, పొద్దున గుమ్మంలో పోయినట్టే.

"చేతికి ఇయ్యొద్దు అమ్మిణీ. వద్దు. నువ్వు తిరిగి ఆ ఇంటికి పోయేదానివి, కీడు వెంట వస్తాది."

"అయితే ఎట్ల ఇయ్యాల్నే? నెత్తిన కొట్టాల్నా?"

సౌందరం గోడ వైపు చూసింది. చూసి, తల వంచుకుని, నాలుగడుగులు వెనక్కి జరిగి చెట్టు కింద నిలబడింది.

వేదవల్లికి తెలుసు. ప్రతి అమావాస్యకీ పోయినవాళ్లకని కాకులకు పెట్టేదే, మిల్లు బంగళా డాబా మీద, పనిమనిషి ఆకు పట్టుకుంటే, చుట్టూ కూలీల పిల్లలు చూస్తుంటే, గొప్పగా. ఇక్కడ డాబా లేదు, పనిమనిషి లేదు. వంగి, రాలిన ఆకుల్లో వెడల్పుది ఒకటి ఏరింది. పట్టుచీర కుచ్చెళ్లు మట్టిలో ఆనాయి. ఆకును శాలువాతో తుడిచి గోడ అంచు మీద పరిచింది. అరటినార ముడి విప్పింది, ముడి మొండిది, గోరు విరిగింది. ఉండలు ఆకు మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. ఇంకా ఒకటి ఉంది. పిలవాలి. పిలవకపోతే రారు. సైకిలు నడిపించుకుంటూ పోతున్న ఫాదరీ ఒకడు ఆగి చూస్తున్నాడు. నల్లబట్టల ముసలమ్మలు ఇద్దరు బెంచీ మీద నుంచి మెడలు చాచారు. చూస్తే చూడనీ. గేటు మీద అవి రుద్దుకునే జనం, వీళ్లా నన్ను చూసి నవ్వేది! కోయంబత్తూరు మిల్లు ఓనరు భార్య వేదవల్లి మైదానం వైపు మొహం పెట్టి, గొంతెత్తి, "కా... కా... కా..." అని పిలిచింది. గొంతు మొదటిసారి పగిలింది. రెండోసారి నిలిచింది. తర్వాత వీపు తిప్పుకుని నిలబడింది, ఎందుకంటే తినేటప్పుడు చూడకూడదు.

వెనకాల అడుగులు. రాలిన ఆకులు నలిగాయి. తర్వాత రాయి మీద రాయి కొట్టిన చప్పుడు, ఒకసారి, ఇంకోసారి, ఠప్పున పగిలిన చప్పుడు. తలుపు సందు చప్పుడు కాదు గానీ, దాని చెల్లెలు. నమిలే చప్పుడు. ఆపి, మళ్లీ.

"శొంటి ఎక్కువ పడినాది," అంది సౌందరం గొంతు, ఎవరితోనూ కానట్టు, గోడతో అన్నట్టు. "ఎప్పుడూ పడదు. కొలత తప్పే చెయ్యి కాదు అది." నమలడం ఆగింది. "చూపు ఆనడం లేదా?"

పేరు ఎత్తలేదు. ఎవరి చూపో చెప్పలేదు. గుమ్మం దగ్గర ఎదురుగా ఉన్న చెప్పుల కోసం తడుముకున్న కాలు, కంటికి ఆపరేషను మాట ఎత్తితే ఎవరన్నా అడగనీ అని కొట్టిపారేసిన చెయ్యి వేదవల్లి కళ్ల ముందు మెదిలాయి. తను చూసీ పక్కకు తిప్పుకున్న చూపు ఇక్కడ, ఇంత దూరాన, ఒక శొంటిపలుకు నాలుకకు తగిలి దీనికి తెలిసిపోయింది. కింద ఊళ్లో హారను మోగింది. ఇక్కడికి వినబడేంత గట్టిగా మోగించేవాడు ఒక్కడే. మోగించనీ. యంత్రాలు కొనేవాడు ఒక గంట కాచుకుంటే అరిగిపోడు.

వేదవల్లి వెనక్కి తిరగలేదు. మైదానంతో, ఏటితో, పొగగొట్టాలతో చెప్పినట్టు చెప్పింది.

"కుడికంట్లో పొర. ఆపరేషను చేయించుకోమంటే వినదు. ఎవరో అడగాలంట, అప్పుడు ఆస్పత్రికి పోతాదంట." విరిగిన గోరును పంటితో కొరికేసింది. "అడిగినారని చెప్తాను. నాకూ ఒక ముక్క పడేయ్, అంతా నువ్వే మింగొద్దు."